రంగు వేయని గాజుపలక

చైత్రమాసం, ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర. స్థలం: అమలాపురం, మా ఇంటి ముందు వరండా. ఉన్నవారు: నేను, మావారు, ఒకప్పుడు ల్యాబులో నాకు పై అధికారి అయిన మా పెద్దాయన, ఆయన్ని కొత్తపేట నుంచి తన కారులో తీసుకొచ్చిన మా పాత ట్యాంకరు డ్రైవరు. లేనివారు: మా అత్తగారు. ఆవిడ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది గానీ, ఆ పూట మేం మాట్లాడుకున్నదేదీ ఆవిడ ప్రస్తావన లేకుండా నడవదు కాబట్టి ఆవిణ్ణి కూడా చేర్చాను.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నా డైరీ ఇలాగే మొదలవుతుంది. ముందు రోజు, తర్వాత చోటు, ఆ తర్వాత ఎవరెవరు ఉన్నారో. ల్యాబు రిజిస్టరు వల్ల అలవడిన పద్ధతి మెల్లిగా ఇంటికీ పాకింది. మా అమ్మాయి పుట్టిన రోజున కూడా ఆసుపత్రి మంచం మీద పడుకుని హాజరు రాసుకున్నానని మావారు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తారు. నవ్వనివ్వండి. ఆ అలవాటే లేకపోతే నా ఉద్యోగ జీవితంలో నేను తలెత్తుకు తిరిగిన ఒక్క వారమూ ఉండేది కాదు.

ఆ ఆదివారం పెద్దాయన ఒడిలో ఒక చెక్కపెట్టె పెట్టుకుని కారు దిగారు. మా ల్యాబు వాళ్లు పాత బిల్డింగు ఖాళీ చేస్తూ, మైక్రోస్కోపు కింద పెట్టి చూసే గాజుపలకల్లో రెండేసి కాపీలున్నవి పారేస్తున్నారని తెలిసి, ఫోను చేసి ఒక్క పెట్టె అడిగి తెప్పించుకున్నారట. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, కర్ర పట్టుకుని నడవమంటే నామోషీ, పెట్టె మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. మూత తీసి, వేళ్లతో వరసలు తడుముతూ ఒక పలక పైకి లాగి నా చేతిలో పెట్టారు. దాని మూలన అంటించిన కాగితం చీటీ మీద రెండు చేతిరాతలున్నాయి. నంబరు నాది. కింద చీమల బారులాంటి ఒక్క లైను ఆయనది. వెలుతురుకెత్తి చూస్తే నలభై ఏళ్ల పైచిలుకు వెనక్కి వెళ్లిపోయాను.

మీలో చాలామందికి కోనసీమలో చమురు కోసం బావులు తవ్విన తొలిరోజులు గుర్తుండే ఉంటాయి. కొబ్బరిచెట్ల తలల మీదుగా ఇనప గోపురంలాంటి రిగ్గు లేచేది, ఊళ్లవాళ్లంతా చేల గట్ల మీద నిలబడి చూసేవారు. కానీ ఆ బావి తవ్వకంలో మాలాంటివాళ్లం ఒకరం ఉంటామని, మా పని సూదిమొనకన్నా చిన్న గూళ్లను లెక్కపెట్టడమని చాలామందికి తెలీదు. పూర్వం సముద్రాల్లో తేలియాడిన, ఇప్పటికీ తేలియాడుతున్న ఏకకణ జీవులు కొన్నున్నాయి, డైనోఫ్లాజెల్లేట్లంటారు. కాలం కలిసిరానప్పుడు అవి తమ చుట్టూ ఒక గట్టి గూడు కట్టుకుని సముద్రం అడుగున పడుకుంటాయి. మంచిరోజులు రాగానే గోడలో ఒక పలకను తలుపులా తోసుకుని బయటికి వెళ్లిపోతాయి. ఖాళీ గూడు బురదలో ఉండిపోతుంది. బురద రాయవుతుంది, కోట్ల ఏళ్లు గడుస్తాయి, రాయిని కరిగించే యాసిడు పోసినా ఆ గూడు కరగదు. దాన్నే మేం సిస్టు అంటాం. గోడ ఒక పొరా రెండు పొరలా, ముళ్లున్నాయా కొమ్ములున్నాయా, అన్నిటికన్నా ముఖ్యంగా తలుపు ఎక్కడ తెరుచుకుంది, ఎన్ని పలకలు ఊడాయి, ఇవన్నీ చూసి ఏ జాతిదో తేలుస్తాం. ఒక్కో జాతి ఒక్కో కాలంలో బతికింది కనక, గూడును గుర్తుపడితే రాతి వయసు తెలిసినట్టే.

మా ల్యాబు రాజోలు దగ్గర మూతపడిన ఒక రైసుమిల్లు గోడౌనులో ఉండేది. ఎన్నిసార్లు కడిగినా తవుడు వాసన పోయేది కాదు, దాని మీద యాసిడు వాసన. ఆ రెండూ కలిసిన ఘాటు మా చీరల్లోంచి, చొక్కాల్లోంచి ఆదివారాల్లో కూడా వచ్చేది. నలుగురు మగవాళ్ల మధ్య నేనొక్కదాన్నే ఆడదాన్ని, అందరికన్నా చిన్నదాన్ని. అసలు పేర్లు నోరు తిరగనివి కాబట్టి మేం వాటికి ఇంటిపేర్లు పెట్టుకున్నాం. ఒంటినిండా ముళ్లుండి, ముళ్ల కొనలు చీలి ఉండేవి పనసకాయలు. పైన ఒకటి, కింద రెండు పొడుగాటి కొమ్ములుండి, పై కొమ్మే మూతలా మొత్తంగా ఊడివచ్చేవి కొమ్ములాళ్లు. కొమ్ములాళ్లు భూమ్మీద రాక్షసబల్లులు తిరిగిన కాలం నాటివి. పనసకాయల్లో ఆ తర్వాతి కాలాలవి ఉన్నాయి, ఈనాటివీ ఉన్నాయి.

ఇక్కడ నాకు జరిగిన ఒక అవమానం చెప్పకపోతే తర్వాతి సంగతి రుచించదు. ఆ ముందు ఏడాది నేనొక కొత్త జాతిని కనిపెట్టాననుకున్నాను. గూడు నడుం చుట్టూ వడ్డాణంలా గట్టు, ఎవరూ రాయని గట్టు. నాలుగు పేజీల వర్ణన, బొమ్మలతో సహా రాసి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన మైక్రోస్కోపు మీద వంగి, మర వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు తిప్పి, "దీన్ని ఇస్త్రీ చేస్తే నీ కొత్త జాతి పోతుందమ్మాయ్" అన్నారు. నేను చూసింది గట్టు కాదు, నలిగిన గోడలో పడిన ముడత. ఆయన తిట్టలేదు, ఆ కాగితాలు మాత్రం తిరిగిచ్చేశారు. ఆ రోజు నుంచి ల్యాబులో నా పేరు ఇస్త్రీ మేడం. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా అదే అనేవాడని తర్వాత తెలిసింది.

ఇలాంటి పరువుతో ఉన్న నాకు ఆ వేసవిలో ఒక బావి తాలూకు రాతిపలుకులు అప్పజెప్పారు. బొరియలోకి బంకమట్టి కలిపిన నీళ్లు పంపుతారు, దాన్ని అందరూ మడ్ అనేవారు. ఆ మడ్డుతో పాటు పైకి కొట్టుకొచ్చే రాతిపలుకులే మాకు ఆధారం. రాక్షసబల్లుల కాలపు పొర తగిలిందని మేం చెప్పిన మరుక్షణం తవ్వడం ఆపి, అక్కణ్ణుంచి రాయిని పలుకులుగా కాకుండా చెరుకుగడలా నిలువు కడ్డీగా కోసి తీయాలి. ఆ కడ్డీ చూస్తే తప్ప ఆ పొరలో గ్యాసుందో లేదో పైవాళ్లు నమ్మరు. మనం చెప్పడం ఆలస్యమైతే ఆ రాయంతా పిండయి పైకి వచ్చేస్తుంది, వెనక్కి వెళ్లి కడ్డీ తీయడం ఎవరివల్లా కాదు.

నా పలకల్లో కొమ్ములాళ్లు కనబడ్డారు. కానీ వాళ్లతో పాటు పనసకాయలూ గుంపులుగా కనబడ్డాయి. పెద్దాయన వాదన చాలా సూటిగా ఉండేది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పాత ఇటుకలు వాడినట్టే, ఎక్కడో కొండల్లో పాతరాయి అరిగి కొమ్ములాళ్లు కొట్టుకొచ్చి కొత్త బురదలో పడి ఉంటారు, ఇంటి వయసు చెప్పేది అన్నిటికన్నా కొత్త ఇటుకే, కాబట్టి మనమింకా పైపొరలోనే ఉన్నాం, తవ్వనివ్వండి అని. అందులో తప్పులేదు, నేను కూడా పిల్లలకి పాఠం చెప్పాల్సివస్తే అదే చెబుతాను. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఒక్కటే. నా కొమ్ములాళ్ల కొమ్ములు ఒక్కటీ విరగలేదు. పైగా ఊడిన మూతలు కూడా వాటి పక్కనే, దాదాపు ఎన్ని గూళ్లో అన్ని మూతలు దొరుకుతున్నాయి. నదుల్లో దొర్లుకుంటూ వచ్చినవాళ్లు కొమ్ములు చెక్కుచెదరకుండా, ఎవరి మూత వాళ్లు చంకన పెట్టుకుని వస్తారా? ఆ మాట పైకి అనడానికి నాకు రెండు రోజులు పట్టింది. అన్నాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇస్త్రీ చేసి చూసేవా?" అని మాత్రం అడిగారు. మిగతా ముగ్గురూ కిటికీలోంచి బయటికి చూశారు, నవ్వు దాచుకోవడానికి.

అవతల రిగ్గు రోజూ తవ్వుకుపోతోంది.

ఇక్కడి నుంచి జరిగింది నేను చాలా ఏళ్లుగా ఒకే రకంగా చెబుతూ వచ్చాను. మా అత్తగారిది ఆత్రేయపురం. ఎవరింట్లో శుభకార్యమైనా పుట్టింటి నుంచి పూతరేకుల కోసం కట్టలు కట్టలుగా రేకులు తెప్పించి, రాజోలు ఇంట్లో మధ్యగదిలో చాప పరిచి తనే చుట్టేవారు. ఒక సాయంత్రం ఆవిడ ఒక్కో రేకూ కిటికీ వెలుతురుకి పట్టి రెండు దొంతులుగా వేరు చేస్తుంటే చూసి, నాకు మెరుపులా తట్టిందని, మర్నాడు ల్యాబుకి వెళ్లి రంగు వేయకుండా ఒక పలక తయారు చేశానని చెప్పేదాన్ని. మా ల్యాబులో సిస్టులు బాగా కనబడాలని ప్రతి పలకకీ సాఫ్రనిన్ అనే ఎర్రరంగు వేయడం ఆనవాయితీ. ఆ రంగు కింద పాతదీ కొత్తదీ ఒకేలా గులాబీరంగులో మెరిసేవి.

ఆదివారం కూడా అలాగే మొదలుపెట్టాను. పెద్దాయన చెయ్యెత్తి ఆపి, "డైరీ తియ్యమ్మాయ్. నోటిలెక్క వద్దు" అన్నారు. మావారు లోపలికెళ్లి పదకొండో నంబరు డైరీ తెచ్చి, నాకు అక్షరాలు సరిగ్గా ఆనవు కాబట్టి తనే చదివారు. మంగళవారం, ఉదయం: సాఫ్రనిన్ అయిపోయింది, కొత్త సీసాకి ఇండెంటు పంపేను, ఈ రోజు పలకలు రంగు లేకుండానే. మంగళవారం, మధ్యాహ్నం: పనసకాయలు గాజులా ఉన్నాయి, కొమ్ములాళ్లు బెల్లంపాకం రంగు, ఎందుకు? మంగళవారం, సాయంత్రం: అత్తగారు రేకులు ఏరేరు.

డ్రైవరు మోకాలు చరుచుకుని, "అయితే మెరుపు కాదండీ, సీసా ఖాళీ!" అన్నాడు. పెద్దాయన పళ్లులేని నోటితో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. ముందటి నెల ఇండెంటు తన టేబులు మీదే పడి ఉండిపోయిందని, కాబట్టి ఈ విజయంలో తన బద్ధకానికి కూడా వాటా రాయాలని పట్టుబట్టారు. రాశాను.

చూడటం ముందు జరిగింది, అర్థం కావడం తర్వాత జరిగింది. డైరీ చెప్పాక కాదనేందుకు లేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా అత్తగారు చాప మీద కూర్చుని, రేకులు పంపినవాణ్ణి వాళ్ల తాతదాకా తిడుతున్నారు. ఏంటత్తయ్యా అంటే, "పాతవీ కొత్తవీ కలిపేసేడే అమ్మా, చూడు, ఇవి పండిపోయినియ్యి, ఇవి నిన్నటివి, ఒకే కట్టలో ఉంటే ఒకే వయసనుకుంటానని వాడి ఉద్దేశం" అన్నారు. నేను చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయాను. కొన్ని వేల అడుగుల లోతున కోట్ల ఏళ్లు వేడికి మగ్గిన గూడు పండి బెల్లంరంగుకి రావాలి. గాజులా తెల్లగా ఉన్నది అక్కడ ఎప్పుడూ లేదన్నమాట. ఒకే కట్టలో ఉన్నాయి గానీ ఒకే కట్టవి కావు. మరి ఎక్కణ్ణుంచి వచ్చాయి?

కాళ్లయినా కడుక్కోకుండా డైరీ వెనక్కి తిప్పాను. పనసకాయలు మొదటిసారి ఏ రోజు పలుకుల్లో కనబడ్డాయో ల్యాబు రిజిస్టరులో ఉంది, నాకు నోటికొచ్చు. ఆ రోజు డైరీలో ల్యాబు సంగతేమీ లేదు. ఇంటి సంగతే ఉంది: నిన్న కాలువలు కట్టేసేరు, అత్తగారు బిందెలన్నీ నింపించేరు. మన ప్రాంతంలో వేసవిలో కాలువలు కట్టేస్తే తాగడానికీ, తోముకోవడానికీ ఎంత కటకటో మీకు చెప్పాలా? కాలువలో నీళ్లు లేనప్పుడు రిగ్గుకి రోజూ అన్నేసి ట్యాంకర్ల నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. నీళ్లు మా డిపార్టుమెంటు కాదు మరి.

మర్నాడు పొద్దున్నే ట్యాంకరు డ్రైవర్ని పట్టుకున్నాను. అప్పుడతనికి నా ఈడే, ఇద్దరు పిల్లలు. మొదట మాట దాటేశాడు. తర్వాత తల గోక్కుంటూ, "పాయలో తోడుతున్నామండీ. ఉప్పునీళ్లయితే ఏంటండీ, భూమ్మీద ఎవురూ తాగరు కదా, భూమిలోకే కదా పోసేది" అన్నాడు. సముద్రపు పోటు ఎక్కే పాయ. పాటు సమయంలో నీరు తగ్గి, అతని పంపు గొట్టం అడుగు బురదలో కూరుకుపోయి, నీళ్లతో పాటు బురద కూడా లాగేదట. మడ్డు చూసుకునే ఇంజినీరుకి ఉప్పు సంగతి తెలుసు, దానికి తగ్గ పొడులేవో కలుపుకుని ఊరుకున్నాడు. గూళ్ల సంగతి అతని డిపార్టుమెంటు కాదు. "నా ఉద్యోగం పోద్దాండీ?" అని డ్రైవరు అడిగితే, నేను రాసేది కాలువ గురించి, మీ గురించి కాదని చెప్పాను. అతనే నా వెంట వచ్చి మూడు సీసాలు నింపి పెట్టాడు: ఒకటి కాలువ గుంటలో మిగిలిన మంచినీళ్లు, ఒకటి పాయ బురద, ఒకటి రిగ్గు దగ్గర మడ్డు తొట్టిలోది.

రాయి కాదు గనక ఒక్క రోజులో పని అయిపోయింది. గురువారం మధ్యాహ్నం మూడు పలకలు, మూడింటికీ రంగు వేయకుండా, పెద్దాయన టేబులు మీద వరసగా పెట్టాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఇది కూడా ముడతే అయితే ఆ ల్యాబులో ఇక నా మాట ఎవరూ వినరు, వినకపోయినా పర్లేదు, ఆ రాయి పోతుంది. ఆ పాటికి అందులో సగం పోయిందో ఏమో కూడా తెలీదు.

మొదటి పలకలో ఏమీ లేదు. ఆయన పక్కన పెట్టారు. మూడోది ముందు చూశారు, మడ్డు తొట్టిది. పనసకాయలు. తర్వాత పాయది పెట్టారు. అరగంట కదల్లేదు. మర తిప్పడం, ఆపడం, మళ్లీ తిప్పడం. గోడౌను దూలాల మీద పిచ్చుకల రొద. అప్పుడు ఆయన కళ్లు కటకం నుంచి తీయకుండానే, చాలా మెల్లిగా, ఎవరి నిద్రయినా చెడుతుందేమో అన్నట్టు, "అమ్మాయ్, దీని లోపల మనిషున్నాడు" అన్నారు.

ఆ గూడు తలుపు ఇంకా తెరుచుకోలేదు. లోపల లేత రంగు ముద్దగా ఆ జీవి ఇంకా పడుకునే ఉంది. కోట్ల ఏళ్ల నాటి ఇంట్లో మనిషి ఉండడు. పక్కవాటికి తలుపులు అప్పుడే తెరుచుకున్నాయి, వాటి మూలలు ఉలితో చెక్కినంత పదునుగా ఉన్నాయి. అవి నిన్నమొన్న ఖాళీ అయిన ఇళ్లు. ఇంటి వయసు కొత్త ఇటుకే చెబుతుంది నిజమే, కానీ ఆ ఇటుక ఆ ఇంటిది కాదు, మా ట్యాంకరు మోసుకొచ్చింది.

ఆయన లేచి నిలబడ్డారు. నన్ను మెచ్చుకోలేదు, అంత తీరిక లేదు. వైర్‌లెస్ దగ్గరికి దాదాపు పరుగెత్తి, రిగ్గు మీద ఉన్నవాళ్లని పట్టుకుని, తవ్వడం ఆపమని, కడ్డీ కోయడానికి సిద్ధం కమ్మని చెప్పారు. అవతలివాళ్లు ఎవరు చెప్పారని అడిగినట్టున్నారు. "ఇస్త్రీ మేడం చెప్పింది, ఆపండి" అని అరిచారు. నా జీవితంలో నాకు దొరికిన బిరుదుల్లో దానికి సాటి వచ్చేది ఇంకోటి లేదు.

కడ్డీ బయటికి వచ్చింది. నల్లటి మెత్తని రాయి, దాని అడుగున జానెడు ఇసుకరాయి. ఆ ఇసుకరాయి విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్న రిగ్గు మేనేజరు, అంత లావు మనిషి, చిన్నపిల్లాడిలా గెంతాడు. కడ్డీ నడిమధ్యలోకి ఏ మడ్డూ చొరబడదు కనక, అక్కణ్ణుంచి గోరంత రాయి గీకి, యాసిడులో రోజుల తరబడి నానబెట్టి నేనే ఒక పలక చేశాను. కొమ్ములాళ్లు, వాళ్ల మూతలు, అన్నీ బెల్లంరంగులో. ఒక్క పనసకాయ లేదు. అప్పటికి కొత్త సాఫ్రనిన్ సీసా వచ్చి ఉంది, నేను ముట్టుకోలేదు. పెద్దాయన ఆ పలక మీద నా నంబరు కింద ఒక లైను రాశారు. ఆదివారం వరండాలో మావారు చదివింది అదే: "రంగు వేయలేదు. అమ్మాయి మాటే నిజం." నాకా లైను గుర్తే లేదు. ఆ రోజు రాసి నేరుగా పెట్టెలో పెట్టేసి ఉంటారు, నాకు చూపించకుండా. అడిగితే, "చూపిస్తే నెత్తికెక్కుతావని" అన్నారు. అందరం నవ్వాం గానీ ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. డైరీలో రాయలేదు.

ఆ ఇసుకరాయి వల్ల ఆ బావి చాలా ఏళ్లు గ్యాసిచ్చింది. ఆ తర్వాత మా ల్యాబులో ప్రతి పలకకీ రంగు లేని జంట ఒకటి చేయడం నియమమైంది. బావికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో రాసే గడి ఒకటి మా రిజిస్టరులో చేరింది. ఇప్పుడు సిస్టు ఫొటో పెడితే కంప్యూటరే జాతి చెబుతోందట. మంచిదే. ముడతని గట్టు అని అది కూడా పొరబడుతుందో లేదో, పొరబడితే దాన్ని ఏ పేరు పెట్టి పిలుస్తారో అని మాత్రం అనిపిస్తుంది. కాలువలు ఇప్పటికీ కట్టేస్తారు, కానీ ఇళ్లకి నీళ్ల డబ్బాలు వస్తున్నాయి కాబట్టి ఏ రోజు కట్టేశారో ఏ ఇంట్లోనూ ఎవరూ గుర్తుపెట్టుకోరు. మా అత్తగారు ఉంటే ఆ తేదీ ఆవిడ చెప్పేవారు. ఆ కబురు ఎప్పుడు ఎవరికి అక్కరకొస్తుందో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు, అయినా రాసుకునేవాళ్లం.

వెళ్లబోతూ పెద్దాయన గుమ్మంలో ఆగి, ఆ పాయ ఇంకా ఉందా అని డ్రైవర్ని అడిగారు. కువైట్‌లో పాతికేళ్లు మంచినీళ్ల ట్యాంకరు తోలి వచ్చి, ఆలమూరులో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డ మనిషి, చటుక్కున పాత డ్రైవరైపోయి, "ఆయ్, ఉందండీ. రేపు పొద్దున్న పాటు ఎనిమిదింటికండీ" అన్నాడు. అతనికి ఇంకా పోటు పాట్లు తెలుసు.

మర్నాడు ఉదయం కారులో వెళ్లాం. రిగ్గు ఉన్నచోట ఇప్పుడు కొబ్బరితోట, మధ్యలో ఇనప కంచె, కంచె లోపల తుప్పుపట్టిన బావి మూత. పాయ మాత్రం అలాగే ఉంది. డ్రైవరు పంచె ఎగ్గట్టి బురదలోకి దిగుతుంటే, వయసు చూసుకోవయ్యా అని పెద్దాయన గట్టు మీంచి కేకలేశారు. ఒక సీసా నింపుకుని ఇంటికొచ్చి, రిటైరైనప్పుడు దాచుకున్న నైలాను జల్లెడలో కడిగి, నా పాత మైక్రోస్కోపు కింద పెట్టాను. యాసిడు లేదు, రంగూ లేదు. నలుగురం వంతులవారీగా చూశాం. ఆ తర్వాత డైరీ రాసుకున్నాను.

సోమవారం, ఉదయం పదిన్నర. అమలాపురం, మా ఇంట్లో. ఉన్నవారు: నేను, మావారు, పెద్దాయన, డ్రైవరుగారు, పనసకాయలు పదమూడు. వాటిలో తొమ్మిదింటి తలుపులు తీసి ఉన్నాయి. నాలుగింటిలో మనుషులున్నారు.